మంచంలో దాగిన దొంగ

రాత్రి హాయిగా పడుకుంటారు. తెల్లవారి లేచేసరికి చేతుల మీదా, మెడ మీదా వరసగా ఎర్రని దద్దుర్లు! దోమలు కుట్టాయనుకుంటారు. కాని దోమతెర కట్టినా దద్దుర్లు ఆగలేదనుకోండి. అప్పుడు దొంగ తెర బయట లేడు, మంచంలోనే ఉన్నాడన్నమాట. వాడే నల్లి.

నల్లి మనకు కొత్తది కాదు. అల్పుడితో స్నేహం చేస్తే కీడు తప్పదని చెప్పడానికి సుమతీ శతకకారుడు నల్లినే ఉదాహరణగా తీసుకున్నాడు. కుట్టేది నల్లి, చేటు మంచానికి!

నల్లి బతుకు

మనవంటి వేడి దేశాలలో ఎక్కువగా ఉండే నల్లిని శాస్త్రజ్ఞులు 'సైమెక్స్ హెమిప్టెరస్' అంటారు. పొడవు సుమారు అర సెంటీమీటరు. దీనికి రెక్కల్లేవు, ఎగరలేదు; దోమలా పాడనూ పాడదు. శరీరం కాగితంలా పలచగా ఉండటం వల్ల ఎంత సన్నని పగుల్లోనైనా దూరిపోతుంది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువునూ, మన ఒంటి వేడినీ పసిగట్టి చీకట్లో బయటికి వస్తుంది.

దాని ముక్కులో రెండు సన్నని గొట్టాలుంటాయి. ఒకదాని గుండా లాలాజలాన్ని మన చర్మంలోకి పంపుతుంది. అందులోని పదార్థాలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. రెండో గొట్టంతో అయిదు పది నిమిషాలపాటు రక్తం పీల్చి, తిరిగి తన చాటుకు చేరుతుంది. గుడ్డు పగిలిన నల్లిపిల్ల అయిదుసార్లు కుబుసం విడుస్తుంది. ప్రతిసారీ దానికి రక్తం కావాలి. తిండి లేకపోయినా పెద్ద నల్లి నెలల తరబడి బతకగలదు. కనుక సెలవులకు గది తాళం వేసి వెళ్ళినంత మాత్రాన నల్లులు చస్తాయనుకోకండి.

మందుకు లొంగని మొండిది

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉందని కనిపెట్టాడు. ఇక నల్లుల పని అయిపోయిందనుకున్నారు. కాని 1947 నాటికే హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్‌లో డి.డి.టి.కి చావని నల్లులు కనిపించాయి! మందును తట్టుకున్న కొద్దిపాటి నల్లులే మిగిలి, వాటి సంతానమే పెరిగింది. 2023లో పారిస్ నగరం కూడా నల్లులతో గగ్గోలు పెట్టింది.

ఎలా గుర్తించాలి?

పరుపు కుట్లూ, మంచం కీళ్ళూ, నులక ముడులూ, గోడ పగుళ్ళూ టార్చిలైటు వేసి చూడండి. సిరాచుక్కల్లాంటి నల్లమచ్చలు, కుబుసాలు, తెల్లని గుడ్లు, దుప్పటి మీద రక్తపు మరకలు - ఇవీ గుర్తులు. నల్లమచ్చను తడిదూదితో రుద్దండి. గోధుమ ఎరుపు రంగు పాకితే అది నల్లి రెట్టే కావచ్చు. దద్దుర్లను బట్టి మాత్రం తేల్చకండి. కొందరికి దద్దుర్లే రావు.

ప్రయాణంలో

నల్లి మీ పెట్టెలో టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తుంది! బసచేసిన చోట ముందు పరుపు అంచులు చూడండి. సంచిని మంచం మీదా, మంచం కిందా పెట్టకండి. ఇంటికి రాగానే బట్టలను వేడినీళ్ళలో ఉతకండి. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి నల్లీ మిగలదు, గుడ్డూ మిగలదు.

జాగ్రత్త!

చెక్కమంచం కీళ్ళలో మరిగే నీళ్ళు పోయించండి. ఆ పని పెద్దలే చెయ్యాలి. ఎండలో వేసిన మంచాన్ని తిప్పుతూ ఉండాలి, లేకపోతే నల్లులు నీడవైపుకు జారుకుంటాయి. గోడ పగుళ్ళు పూడ్పించండి. కిరసనాయిలు పూయకండి, నిప్పంటుకుంటుంది. ధాన్యం నిలవకు వాడే విషపు మాత్రలను ఇంట్లో అసలే పెట్టకూడదు. వాటినుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు నిద్రలోనే మనుషుల ప్రాణాలు తీసింది. నల్లి కాటు వల్ల దురదే గాని, మనిషికి మనిషికి జబ్బులు అంటించినట్లు రుజువు కాలేదు. దురద పోగొట్టుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడమెందుకు?

చివరగా ఒక మాట. నల్లికి కావలసింది మురికి కాదు, రక్తం. అది శుభ్రమైన ఇంటికీ వస్తుంది. కనుక హాస్టలులో ఎవరి మంచంలోనైనా నల్లి కనబడితే నవ్వకండి. నవ్వుతారని భయపడి అతడు దాచాడంటే, వారం తిరిగేలోగా నల్లి మీ మంచానికీ వస్తుంది! అందరూ కలిసి ఒకేరోజు అన్ని మంచాలూ వెదకండి. నల్లిని ఓడించే ఉపాయం అదే.