గడ్డిమందు డబ్బా ఎవరి చేతికి వెళుతోంది?

తోటపని కాంట్రాక్టర్లకు అమ్మే డీలర్లు గమనించవలసిన సంగతులు

(మా వాణిజ్య ప్రతినిధి)

తొలకరి పడి పది రోజులు కాగానే పురుగుమందుల దుకాణాలకు రైతులతో పాటు మరొక తరహా గిరాకీ తగులుతుంది. అపార్టుమెంట్ల ఆవరణలు, ఫ్యాక్టరీల ఖాళీ జాగాలు, లేఅవుట్ల పార్కులు బాగుచేసే తోటపని కాంట్రాక్టర్లు వీరు. బేరం తక్కువ, రొక్కం చెల్లింపు, పంట వచ్చేదాకా అరువు బెడద లేదు. అందుచేత ఏ డీలరూ వీరిని వదులుకోడు. అయితే ఆ మందు కొట్టబోయే మనిషికి అర్హత ఉన్నదా అని అడిగే డీలరు అరుదు.

1968 నాటి చట్టం పేరులో పురుగు ఒక్కటే కనిపించినా, గడ్డిమందులూ దాని షెడ్యూలులోనివే. 1971 నిబంధనలలో చీడ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో కీటకాలు, ఎలుకలు, శిలీంధ్రాలతో పాటు కలుపు మొక్కలు కూడా చేరి ఉన్నవి. ఇళ్లలో గాని, ప్రభుత్వ, ప్రైవేటు ఆవరణలలో గాని, భూములలో గాని వ్యాపార రీత్యా మందు చల్లితే అది వాణిజ్య చీడ నివారణ పని. దానికి చట్టంలోని 13వ సెక్షను కింద లైసెన్సు ఉండాలి.

మినహాయింపు 38వ సెక్షనులో ఉన్నది. సొంత ఇంటి అవసరానికి, పెరటి తోటకు, తాను సాగుచేసే భూమికి వాడుకునే వారికి ఈ చట్టం అడ్డు రాదు. అంటే ఇంటి యజమాని తన పెరట్లో గడ్డిమందు కొట్టుకుంటే అడిగేవారు లేరు. అదే డబ్బా, అదే పంపు, అదే తుంగ. డబ్బు పుచ్చుకుని కాంట్రాక్టరు కొడితే లైసెన్సు కావాలి. చాలామంది కాంట్రాక్టర్లకు ఈ తేడా తెలియదు. తెలిసినవారు తెలియనట్లు ఉంటున్నారు.

లైసెన్సు కోరే ఆపరేటరు గాని, అతని ప్రతినిధి గాని వ్యవసాయ పట్టభద్రుడో, రసాయన శాస్త్రం చదివిన సైన్సు పట్టభద్రుడో అయి ఉండాలి. దానిపైన కనీసం 15 రోజుల శిక్షణ సర్టిఫికెట్ కావాలి. నిబంధనలు పేర్కొన్న మూడు సంస్థలలో ఒకటి మైసూరులో, ఒకటి హాపూర్‌లో ఉండగా, మూడవది మన హైదరాబాదులోనే ఉన్నది. రాజేంద్రనగర్‌లోని ఆ మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ 2008 నుంచి జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా నడుస్తున్నది.

పంపు మోసే మాలీకి డిగ్రీ అక్కరలేదు. అయితే అతనికి జాగ్రత్తలు నేర్పే బాధ్యతను నిబంధనలు ఆపరేటరు ఒక్కని మీదనే పెట్టలేదు. తయారీదారులు, పంపిణీదారుల మీద కూడా పెట్టినవి. ఈ మాట చాలామంది స్టాకిస్టులకు కొత్తగా వినిపించవచ్చు. చేతి తొడుగులు, బూట్లు, ముఖానికి రక్షణ, ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగులగొట్టి పాతిపెట్టడం అన్నీ అందులోనివే. పారాక్వాట్ వంటి మందుకు విరుగుడు లేదు. దానిని కొలవడానికి మంచినీళ్ల సీసా మూత వాడే మాలీని చూసినవారెవరూ ఈ నిబంధనలు అతి అనరు.

గ్లైఫోసేట్ వ్యవహారం వేరుగా చెప్పుకోవాలి. మన దేశంలో దానికి రిజిస్ట్రేషను ఇచ్చింది తేయాకు తోటలకు, పంట లేని జాగాలకు. తెలుగు జిల్లాలలో తేయాకు లేదు గనుక ఇక్కడ న్యాయమైన గిరాకీ అంటే ఖాళీ జాగాలే, అంటే ఈ కాంట్రాక్టర్లే. కలుపుమందు తట్టుకునే అనుమతి లేని పత్తి వ్యాపించడంతో 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమ్మకాలపై ఆంక్షలు పెట్టినవి. 2022 అక్టోబరులో కేంద్రం మరొక మెట్టు పైకి వెళ్లి, లైసెన్సు గల చీడ నివారణ ఆపరేటర్ల ద్వారా తప్ప ఈ మందు వాడరాదని, ఆ సంగతి లేబులు మీద పెద్ద అక్షరాలలో ముద్రించాలని ఉత్తర్వు ఇచ్చింది. గ్రామాలలో ఆపరేటర్లు ఎక్కడున్నారని తయారీదారుల సంఘాలు అభ్యంతరం చెప్పినవి. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని పట్టణ తోటల కాంట్రాక్టర్ల విషయంలో ఆ సాకు చెల్లదు.

బ్రిటన్‌లో ఈ ముడి మరింత బిగువు. వృత్తిదారులకు ఉద్దేశించిన మందు వాడే ప్రతి తోటమాలికీ సర్టిఫికెట్ ఉండాలి. అక్కడ మొదట మూల పరీక్ష, ఆపైన భుజాన వేసుకునే స్ప్రేయరుకు ప్రత్యేక పరీక్ష. 1964 డిసెంబరు 31కి ముందు పుట్టిన పెద్దవారికి ఉండిన మినహాయింపు కూడా 2015 నవంబరు 26తో తీరిపోయింది. కొనేవాడు, వాడబోయే మనిషికి సర్టిఫికెట్ ఉన్నదని చూసుకోవాలి.

మన డీలర్లకు చదువు తిప్పలు కొత్త కావు. 2015లో అమ్మకం లైసెన్సుకు డిగ్రీ అడిగినప్పుడు పాత దుకాణాలలో కలవరం పుట్టింది. పిమ్మట 12 వారాల కోర్సు, మేనేజ్ సంస్థ 2003 నుంచి మార్కెట్టు సెలవు దినాలలో నడిపిస్తున్న ఏడాది డిప్లొమా ఆసరా అయినవి. కాంట్రాక్టర్లకు మాత్రం ఇటువంటి చిన్న దారి వేయలేదు. ఇది లోపమే.

ప్రస్తుతానికి డీలరు చేతిలో ఉన్నది బిల్లు పుస్తకం. కాంట్రాక్టరు పేరుతో పాటు అతని లైసెన్సు నంబరు కూడా బిల్లు మీద వేస్తే, రేపు తనిఖీ వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది. నంబరు లేనివానికి రాజేంద్రనగర్ చిరునామా ఇవ్వవచ్చు. కౌంటరులో కెమిస్ట్రీ చదివిన కుర్రవాడు ఉంటే, బేరం లేని వేసవిలో అతనినే ఆ 15 రోజులు పంపి, దుకాణం పేరుననే ఆపరేటరు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవడానికీ అడ్డు లేదు.