వెనకే వచ్చే ఇల్లు

వంద హార్స్‌పవర్ డీజిల్ కారు, ఎనిమిది వందల కిలోల కారవాన్. యూరప్‌లో ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు ఆల్ప్స్ పర్వతాలు దాటేది ఇలాంటి జోడీతోనే. లాగడం ఆ కారుకి పెద్ద పనేమీ కాదు. పనంతా బరువు సర్దడంలో, వాలు దిగేటప్పుడు అదుపులో పెట్టడంలో ఉంది.

ఆగస్టు మొదటి శనివారం తెల్లవారుజామున ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ ఊరి బయట నిలబడితే, సగం జర్మనీ ఇటలీకి తరలిపోతోందా అనిపిస్తుంది. బవేరియాలో బడులకు సెలవులిచ్చేసి ఉంటారు. కుడి వరసలో కార్లు, వాటి వెనక తెల్లటి కారవాన్లు, కిటికీలకు కట్టిన చిన్న చిన్న తెరలు, ముందరి దూలం మీద బిగించిన పిల్లల సైకిళ్లు. కొందరిది గార్డా సరస్సు, కొందరిది ఏడ్రియాటిక్ తీరం. ఎవరైనా ముందు బ్రెన్నర్ కనుమ ఎక్కాల్సిందే. దాని ఎత్తు 1,370 మీటర్లు. ఇన్స్‌బ్రుక్ నుంచి ముప్ఫై అయిదు కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా దాదాపు ఎనిమిది వందల మీటర్లు పైకెక్కాలి. మధ్యలో 1963లో తెరిచిన యూరప్ వంతెన, లోయకి 190 మీటర్ల పైన.

ఆ వరసలో పెద్ద ఎస్‌యూవీలు బోలెడు. నా కళ్లు మాత్రం చిన్న కార్ల మీదే ఉంటాయి. గోల్ఫ్, ఆక్టేవియా లాంటివి, లోపల 1.6 లీటర్ల డీజిల్ ఇంజను. మన దగ్గర వెంటో, ర్యాపిడ్ కార్లలో వచ్చింది కూడా ఈ కుటుంబం ఇంజనే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేస్తే సరిపెట్టుకునే బండి, అక్కడ వెనక ఒక ఇంటిని తగిలించుకుని ఘాట్ ఎక్కేస్తుంది.

అదెలాగో లెక్క వేసి చూద్దాం. కారు, మనుషులు కలిపి 1,400 కిలోలు. కారవాన్ 800. బ్రెన్నర్ హైవే వాలు ఎక్కువలో ఎక్కువ నూటికి ఆరు, అంటే వంద మీటర్లు ముందుకెళితే ఆరు మీటర్లు పైకి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఈ 2,200 కిలోలను ఆ వాలు ఎక్కించడానికి సుమారు 39 హార్స్‌పవర్ కావాలి. గాలిని చీల్చుకు పోవడానికి, టైర్ల రాపిడికి ఇంకో ముప్ఫై వేసుకోండి. వెరసి 70. ఆ చిన్న డీజిల్ గరిష్ఠ శక్తి 105 హార్స్‌పవర్. దాని 250 న్యూటన్ మీటర్ల టార్క్ మొత్తం నిమిషానికి 1,500 నుంచి 2,500 చుట్ల మధ్యే దొరుకుతుంది. రెండు వేల చుట్ల దగ్గర అది ఇచ్చేది సరిగ్గా ఆ 70 హార్స్‌పవరే. టర్బో లేని అదే సైజు పెట్రోల్ ఇంజనయితే గేర్లు దించి, నాలుగు వేల చుట్లకి తీసుకెళ్లి, కొండ పొడుగునా అరిపించాలి. మన డ్రైవర్లు ‘బండికి పుల్లింగ్ ఉంది’ అనేది ఈ తేడాని పట్టుకునే. పైకెళ్లే కొద్దీ గాలి పలచబడితే టర్బో కొంతవరకు సర్దుతుంది. అయినా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ మొత్తం బరువులో పదో వంతు తగ్గించుకోమని కార్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పేజీ తిప్పి చూసేవాళ్లు తక్కువ.

చిన్న కారుని నిజంగా అలసట పెట్టేది బరువుకన్నా గాలి. 80 నుంచి 100కి వెళితే వేగం పెరిగింది పావు వంతే. గాలి అడ్డు సగానికి పైగా పెరుగుతుంది, దాన్ని ఎదిరించడానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. లీటరుకి ఇరవై ఇచ్చే కారు, కారవాన్ తగిలించాక పన్నెండుకో పదమూడుకో పడిపోవడానికి పెద్ద కారణం ఆ వెనక గోడే. అందుకే కారవాన్ ఎంత బరువుందని అడిగే ముందు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని అడగాలి.

ఈ సంగతి అందరికన్నా బాగా పట్టుకున్నవాళ్లు దక్షిణ జర్మనీలోని ఒక్క జిల్లాలోనే పుట్టుకొచ్చారు. రావెన్స్‌బుర్గ్ జిల్లా ఇస్నీ అనే ఊళ్లో అరిస్ట్ డెత్‌లెఫ్స్‌ది కొరడాలు, స్కీ కర్రలు తయారుచేసే కుటుంబ వ్యాపారం. సరుకు అమ్మడానికి వారాల తరబడి ఊళ్లు తిరిగేవాడు. పెళ్లి చేసుకోబోయే ఫ్రీడెల్ ఎడెల్‌మన్ చిత్రకారిణి. ఇద్దరూ కలిసి తిరగాలి, ఆమె దారిలో బొమ్మలు వేసుకోవాలి. అందుకోసం 1931లో అతను కారు వెనక లాగే ఒక చిన్న గది కట్టాడు. జర్మనీలో కారవాన్ల కథ మొదలైంది అక్కడే. వ్యాపారి బుర్రలోంచి కాకుండా, వెంట వస్తానన్న అమ్మాయి మాటలోంచి ఒక పరిశ్రమ పుట్టిందంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

రెండో మనిషి ఎరిక్ బాకెమ్. యుద్ధం చివర్లో నాటర్ అనే రాకెట్ విమానాన్ని రూపొందించింది ఈయనే. 1945 మార్చి 1న మనిషిని కూర్చోబెట్టి నిట్టనిలువుగా పైకి వదిలితే నిమిషం తిరక్కుండా కూలిపోయింది, పైలట్ లోటార్ జీబర్ చనిపోయాడు. ఆ విమానాల కర్మాగారం వాల్డ్‌సేలో ఉండేది. పన్నెండేళ్ల తర్వాత అదే ఊళ్లో, ఎర్విన్ హైమర్ అనే యువ ఇంజనీరుతో కలిసి బాకెమ్ ఒక కారవాన్ గీశాడు. 1957లో తొలి నమూనా వచ్చింది. ఎరిక్‌లోంచి ‘ఎరి’, బాకెమ్‌లోంచి ‘బా’ తీసి ఎరిబా అని పేరు పెట్టారు. ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద పలచటి తొడుగు, గుండ్రటి భుజాలు. కప్పు మధ్య భాగం పైకి లేస్తుంది. ఆగినచోట లోపల నిలబడి వంట చేసుకోవచ్చు. బయల్దేరేటప్పుడు కప్పు దించితే ఎత్తు రెండుంబావు మీటర్లు దాటి కొంచెం. కారు చాటున ఒదిగిపోతుంది కాబట్టి గాలికి దొరికేది తక్కువ. ఇప్పటికీ ఆ వరస కారవాన్లు దాదాపు అదే రూపంతో నడుస్తున్నాయి. అంతకన్నా మంచి ఆకారం చిన్న కారుకి ఇంకా ఎవరూ ఇవ్వలేదనే నా నమ్మకం. చూడాలనుకునేవాళ్లకు బాడ్ వాల్డ్‌సేలో 2011లో తెరిచిన హైమర్ మ్యూజియం ఉంది.

ఇక బరువు సర్దడం. ఒక సాయంత్రం ఉల్మ్‌లో ఒక స్నేహితుడి ఇంటి ముందు చూసింది చెబుతాను. తెనాలి దగ్గర పల్లె నుంచి వాళ్ల నాన్నగారు వేసవికి వచ్చి ఉన్నారు. కొడుకు కారవాన్ సర్దుతుంటే అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఉన్నట్టుండి లేచారు.

“ఒరే, ఆ నీళ్ల క్యాన్లు వెనకెందుకు పెట్టావురా? వెనక మొగ్గు వస్తుంది.”

“ముందు మంచం కింద చోటు లేదు నాన్నా.”

“లేకపోతే చేసుకో. బరువు ఇరుసు మీదకి రావాలి, కాస్త ముందుకే ఉండాలి గానీ వెనక్కి పోకూడదు.”

జీవితంలో కారవాన్ ముఖం చూడని మనిషి. ఎడ్లబండిలో వడ్ల బస్తాలు వేసి తోలిన అనుభవం ఆయనది. బండి వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి పలుపు ఎద్దు గొంతుకి బిగుస్తుంది. మరీ ముందుకి మొగ్గితే మెడ మీద భారం పడి ఎద్దు మోకరిల్లుతుంది. కారవాన్‌దీ అదే లెక్క, ఎద్దు మెడకి బదులు కారు వెనకుండే 50 మిల్లీమీటర్ల ఉక్కు గుండు. ఈ సైజు కార్లలో ఆ గుండు మీద పడే బరువు 75, 80 కిలోలు దాటకూడదు. తక్కువైనా ముప్పే. కారవాన్ మొత్తం బరువులో అయిదు నుంచి ఏడు శాతం అక్కడ పడాలని బ్రిటన్‌లో చెబుతారు. ఎనిమిది వందల కిలోలకి నలభై నుంచి యాభై ఆరు. కొలవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. బాత్‌రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ మీద ఒక కర్రముక్క నిలబెట్టి, దాని మీద కారవాన్ మూతిని ఆనిస్తే సరి. ఆ సాయంత్రం మొదట ముల్లు ముప్ఫై దగ్గరే ఆగింది. క్యాన్లు ఇరుసు మీదకి, డేరా సంచి కొంచెం ముందుకి జరిపాక యాభై దాటింది. పెద్దాయన మళ్లీ వెళ్లి అరుగు మీద కూర్చున్నారు.

వెనక మొగ్గు ఎందుకంత ప్రమాదం? కారవాన్ తిరిగే కీలు కారు వెనక చక్రాలకి ఇంకా వెనక ఉంటుంది. పక్క నుంచి గాలి కొట్టినా, పెద్ద బస్సు దాటిపోయినా తోక ఊగుతుంది. ఆ ఊపు కారు వెనక భాగాన్ని పక్కకి లాగుతుంది. వేగం తక్కువగా ఉంటే రెండు మూడు ఊపుల్లో అదే సద్దుమణుగుతుంది. ఒక హద్దు దాటితే ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది, చివరికి రెండూ కలిసి బోల్తా. ఆ హద్దు ఎక్కడుంటుందో చాలావరకు నిర్ణయించేది లోపల సామాను పెట్టిన తీరే. కదిలే బెల్టు మీద బొమ్మ కారుని, బొమ్మ ట్రెయిలర్ని పెట్టి దీన్ని చూపిస్తుంటారు. బరువు ముందుంటే ట్రెయిలర్ని వేలితో తోసినా వెంటనే కుదురుకుంటుంది. అదే బరువుని వెనక్కి మార్చి, బెల్టు వేగం మార్చకుండా తోస్తే క్షణాల్లో మెలి తిరిగిపోతుంది. తోక ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి. ఊపుకి ఎదురు తిప్పడం మొదలుపెడితే ఊపు పెరుగుతుంది. వేగం పెంచితే నిటారవుతుందన్న మాట అసలు నమ్మొద్దు.

తగిలించడానికి అయిదు నిమిషాలు చాలు, కానీ ఆ అయిదు నిమిషాలూ ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. ముందరి బుల్లి చక్రం పిడి తిప్పుతూ కారవాన్ మూతిని గుండు మీదకి దించుతారు. ‘టక్’మని కూర్చుంటుంది. పిడి పక్కన ఆకుపచ్చ గుర్తు కనబడాలి, ఎరుపు కనబడితే సరిగ్గా పట్టలేదన్నమాట. ఆ తర్వాత బుల్లి చక్రాన్ని కిందికే తిప్పి కారు వెనక భాగాన్ని కాస్త పైకి లేపి చూస్తారు, ఊడిపోకపోతే పట్టినట్టే. ఎర్రటి సన్నటి ఉక్కు తాడుని కారు కొక్కేనికి తగిలించాలి. దారిలో ఎప్పుడైనా బండి ఊడితే ఆ తాడు లాగుడికి కారవాన్ బ్రేకులు పడతాయి. పదమూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు ఒకరు వెనక నిలబడి చూడాలి. ఇప్పటి కార్లలో ఆ ప్లగ్గు పెట్టగానే వెనక బండి ఉందని కంప్యూటర్‌కి తెలుస్తుంది. తోక ఊగితే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి సర్దుతుంది.

కారవాన్ బ్రేకుల పనితనం చాలా తెలివైనది. కారు ఆగబోతే వెనక బండి ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుడికే దూలంలోని కడ్డీ లోపలికి జారి, తీగ లాగి, డ్రమ్ము బ్రేకులు పట్టిస్తుంది. కరెంటు లేదు, నూనె గొట్టాలు లేవు. చిక్కల్లా దిగుడులో వస్తుంది. బ్రెన్నర్ నుంచి బొల్జానో దాకా దాదాపు 1,100 మీటర్లు దిగాలి. 2,200 కిలోలు అంత ఎత్తు దిగితే వెలువడే శక్తి డెబ్బయి లీటర్ల చన్నీళ్లని మరిగే దాకా తేగలదు. కొంత గాలిలో పోయినా, మిగిలిందంతా భరించాల్సింది ఇంజను, బ్రేకులు. డీజిల్ ఇంజనుకి పెట్రోల్ దానిలా గాలిని అడ్డే రేకు పెద్దగా పనిచేయదు కనుక కాలు తీసినప్పుడు అది ఆపే శక్తి తక్కువ. కాబట్టి ఘాట్ మొదలయ్యే ముందే మూడో గేరులోకి దింపాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. డ్రమ్ములకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. తిరుమల దిగువ ఘాట్‌లో బండి నడిపినవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు.

జర్మనీలో కారవాన్ కట్టిన కారుకి హైవే మీద 80 కిలోమీటర్లే హద్దు. వంద కావాలంటే విడిగా అనుమతి, వెనక ఒక స్టిక్కరు. టైర్ల వయసు ఆరేళ్లు దాటకూడదు. ఊపుని ఆపే పరికరం ఉన్నా సరే, కారవాన్ బరువు కారు ఖాళీ బరువుని మించకూడదు. ఇటలీలో హైవే మీద 80, మిగతా ఊరి బయట రోడ్ల మీద 70. అమెరికాలో ఇదే గోల్ఫ్ అమ్మిన రోజుల్లో, ట్రెయిలర్ లాగొద్దనే పుస్తకంలో రాసి ఉండేది. అక్కడ వేగాలు ఎక్కువ, గుండు మీద పది నుంచి పదిహేను శాతం బరువు వేయడం అలవాటు. ఒకే కారుకి యూరప్‌లో వెయ్యి కిలోలు దాటి అనుమతి, అమెరికాలో సున్నా. కనుక డాలస్‌లో ఉన్న బావమరిది సలహా మ్యూనిక్‌లో పనికిరాదు, మ్యూనిక్ సలహా డాలస్‌లోనూ పనికిరాదు.

కొత్తగా జర్మనీ వెళ్లిన మన పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. అక్కడ కాపురం పెట్టాక మన లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ పాస్ కావాలి. మామూలు కారు లైసెన్స్‌తో 750 కిలోల దాకా ట్రెయిలర్ లాగొచ్చు. అంతకు మించితే కారు, ట్రెయిలర్ రెండింటి అనుమతి బరువూ కలిపి 3,500 కిలోల లోపు ఉండాలి. చిన్న కారు, చిన్న కారవాన్ ఈ హద్దులోనే ఇమిడిపోతాయి.

డీజిల్ మీద ఇప్పుడు మంచి మాట చెప్పేవాళ్లు తగ్గారు. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ పొగ పరీక్షల మోసంలో ఈ 1.6 లీటర్ల ఇంజను కూడా ఉంది. ఆ మచ్చని కడిగేయలేం. అప్పట్లో యూరప్‌లో అమ్ముడయ్యే కొత్త కార్లలో సగం డీజిల్‌వే, ఇప్పుడు పదో వంతు చుట్టుపక్కల. చిన్న విద్యుత్ కార్లలో చాలావాటికి కారవాన్ లాగే అనుమతే లేదు. అనుమతి ఉన్నవాటికి కూడా ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం సగానికి పడిపోతుంది, చార్జింగ్ దగ్గర కారవాన్ విప్పి పక్కన పెట్టుకోవాల్సిన చోట్లే ఎక్కువ. అది మారుతుంది, మారాలి కూడా. మారేదాకా కారవాన్ కుటుంబాలు పాత డీజిల్ కార్లని వదులుకోవు.

మిగిలింది రివర్స్. మన ఊళ్లలో ట్రాక్టర్ ట్రక్కుని ఇరుకు సందులో వెనక్కి పెట్టే కుర్రాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి మాత్రం బ్రెన్నర్ ఘాట్ కన్నా క్యాంపు స్థలంలో వెనక్కి పెట్టడమే భయం. స్టీరింగ్ కుడికి తిప్పితే కారవాన్ ఎడమకి పోతుంది. చిన్నది కాబట్టి ఇంకా తొందరగా మెలి తిరుగుతుంది, పొడవాటి కారవానే కాస్త నింపాదిగా మాట వింటుంది. చేతిని స్టీరింగ్ అడుగు భాగాన పెట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే కారవాన్ తోక అటే పోతుంది. మెలి ఎక్కువైతే పంతం పట్టకుండా రెండు బారలు ముందుకి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. అడ్డు గేటు లేని సూపర్‌మార్కెట్ పార్కింగ్ ఒకటి చూసుకుని, అనుమతి అడిగి, నాలుగు ప్లాస్టిక్ బకెట్లు నిలబెట్టి, ఇంట్లోవాళ్లలో ఒకరిని వెనక నిలబెట్టుకుని గంటసేపు సాధన చేయండి. ఇటలీ ప్రయాణం ఆ తర్వాతి వారం పెట్టుకోవచ్చు.