సభకు రాలేనివారి మాట

గ్రామసభలో సభ్యులు ఎవరో గత పాఠంలో చదివారు. గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ సభ్యుడే, సభ్యురాలే. రాజ్యాంగంలోని 243వ అధికరణం చెప్పేది ఇదే. దీనికి ఎన్నిక అక్కరలేదు, ఎవరి సిఫారసూ అక్కరలేదు. అయితే సభ్యులందరూ సభ జరిగే రోజున ఊళ్లో ఉంటారా?

నారాయణపేట ప్రాంతం నుంచి ముంబయికి కట్టడాల పనికి వెళ్లిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వారికి ఊళ్లో పాత గుడిసె ఉంది, ఓటు ఉంది. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణలో గ్రామసభలు జరిగాయి. ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పథకాల జాబితాలను సభల్లో చదివి వినిపించారు. పేరు రానివారు అక్కడికక్కడే లేచి అడిగారు, దరఖాస్తులు ఇచ్చారు. ఆ సమయానికి మనం అనుకున్న కుటుంబం ముంబయిలో పనిలో ఉంది. జాబితాలో తమ పేరు ఉందో లేదో వారికి తెలియదు. లేకపోతే అడిగే మనిషీ అక్కడ లేడు.

ఊరు విడిచారు కాబట్టి వారి హక్కు పోయిందా? పోలేదు. తాత్కాలికంగా వేరేచోటికి వెళ్లినంత మాత్రాన సాధారణ నివాసం మారదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఓటు ఊళ్లో ఉన్నంతకాలం గ్రామసభలో సభ్యత్వమూ ఉంటుంది. హక్కు ఊళ్లో ఉంది, మనిషి ముంబయిలో ఉన్నాడు. చిక్కంతా ఇక్కడే ఉంది.

దూరమంటే ముంబయి, దుబాయి మాత్రమే కాదని గుర్తుంచుకోండి. పంచాయతీ ఆఫీసు రెండు వీధుల అవతలే ఉన్నా మంచం దిగలేని వృద్ధుడికి అది దూరమే. చంటిబిడ్డ తల్లికీ, నడవలేని వికలాంగుడికీ, సభ వేళకు మిల్లులో పనిచేసే కూలీకీ దూరమే. ఒక సభకు రాలేకపోతే మళ్లీ అవకాశం ఎప్పుడు? తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. కానీ లబ్ధిదారుల జాబితాలు చదివే సభ ప్రతిసారీ రాదు.

ఫోన్‌లో పాల్గొంటే సరిపోదా?

ఇప్పుడు చాలామంది చేతుల్లో ఫోన్ ఉంది. 2020లో కరోనా వచ్చాక చాలా సభలు తెరమీదికి మారాయి. హైదరాబాదు మహానగర పాలక సంస్థకు కొత్తగా ఎన్నికైన సభ్యులు 2021 జూన్ 29న వీడియో ద్వారానే సమావేశమయ్యారు. అలాంటప్పుడు గ్రామసభను మాత్రం ఫోన్‌లో ఎందుకు పెట్టకూడదని మీరు అడగవచ్చు.

పెట్టవచ్చు. కానీ వినడం వేరు, హాజరు కావడం వేరు. 2013 నాటి కంపెనీల చట్టాన్ని చూడండి. వీడియో ద్వారా పాల్గొన్న డైరెక్టరును కోరం లెక్కలో చేర్చుకోవచ్చని అందులో స్పష్టంగా రాశారు. కోరం అంటే సభ చెల్లడానికి ఉండవలసిన కనీస హాజరు. పెట్టుబడి పెట్టినవారి కోసం రాసిన ఈ వాక్యం పని వెతుక్కుంటూ వెళ్లిన కూలీ కోసం కూడా రాయదగినదే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం తయారైనప్పుడు ఊరికొక ఫోన్ ఉంటే గొప్ప. కాబట్టి మీ పంచాయతీ సభను ఫోన్‌లో చూపిస్తే సంతోషించండి, కానీ చూసినంత మాత్రాన మీరు హాజరైనట్లు రాశారని అనుకోవద్దు. కార్యదర్శిని అడిగి తెలుసుకోండి.

మరొక సంగతి కూడా ఉంది. సభలో లేచి నిలబడి గట్టిగా అడిగే మనిషిని కూర్చోబెట్టడం అంత సులభం కాదు. పక్కవారు చూస్తుంటారు, తోటివారు గొంతు కలుపుతారు. తెరమీది మనిషి నోరు మాత్రం ఒక మీట నొక్కి మూయవచ్చు. అలా మూసినట్లు మిగిలినవారికి తెలియను కూడా తెలియదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో కూడా ఆలోచించండి. ఈ కారణాల వల్ల, ఫోన్ సభ ఊరి సభకు తోడుగా ఉండాలే తప్ప దాని బదులుగా రాకూడదు.

ఏం మాట్లాడారన్నది చివరకు తీర్మానాల పుస్తకంలో ఎక్కాలి. సభ చెప్పింది సలహాయే కదా, రాయకపోతే ఏమని కొందరు అంటారు. గ్రామసభ సూచనలను పంచాయతీ తగిన విధంగా పరిశీలించాలని 1994 చట్టం చెబుతుంది. కాగితంమీద లేని సూచనను ఎవరు పరిశీలిస్తారు? సభలో రికార్డు చేసిన మాటల నుంచి కార్యక్రమ వివరాలను తయారుచేసే 'సభాసార్' అనే కంప్యూటర్ సాధనాన్ని కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2025 ఆగస్టు 14న త్రిపురలో ప్రారంభించింది. ఇది మంచి ప్రయత్నమే. కానీ యంత్రం మైకుకు వినిపించిన మాటనే రాస్తుంది. వెనుక వరుసలో కూర్చుని మెల్లగా చెప్పిన స్త్రీ మాట దానికి వినబడదు.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

ఇంతకంటే పాత మార్గం ఒకటి ఉంది. అది ఉత్తరం. దండోరా ముంబయిదాకా వినబడదు కాబట్టి సభ తేదీ, ఎజెండా ఫోన్‌లో చెప్పమని ఊళ్లో ఒకరిని ముందే అడిగి ఉంచుకోండి. తేదీ తెలియగానే పంచాయతీ కార్యదర్శి పేర ఒక కాగితం రాయండి. మీ పేరు, ఇంటి నంబరు, ఓటరు కార్డు నంబరు రాసి, కోరిక ఒక్కటే రాయండి. నాలుగు కోరికలు రాస్తే నాలుగూ పక్కకు పోతాయి. సభలో చదివి వినిపించమని చివర కోరండి. బంధువు చేత రెండు ప్రతులు పంపి, ఒకదానిపై ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర పడిన ప్రతిని ఎక్కడ ఉన్నా భద్రంగా దాచుకోవాలి.

సభ ముగిశాక మీ కాగితం ఏమైందో తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తీర్మానం నకలు అడగవచ్చు. దరఖాస్తును తపాలాలో పంపవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు. నకళ్లకు అయ్యే ఖర్చు మాత్రం అడగవచ్చు.

పాఠ్యగత ప్రశ్న: మీ వీధిలో గత గ్రామసభకు రాలేకపోయిన ముగ్గురితో మాట్లాడండి. ఎందుకు రాలేకపోయారో, వచ్చి ఉంటే ఏమి అడిగేవారో రాయండి. వారిలో ఒకరి తరఫున, వారి మాటల్లోనే, కార్యదర్శికి ఉత్తరం రాసి వారికి చదివి వినిపించండి. వారు సరేనన్న తరువాతే సంతకం చేయించండి.