చార్మినారు సిగరెట్ల కంపెనీ – పొగాకు రైతులు గ్రహింపవలసిన విషయము

హైదరాబాదునందలి వజీరు సుల్తాను పొగాకు కంపెనీ 1916లో స్థాపితమై, 1930లో లిమిటెడ్ కంపెనీగా రిజిస్టరయ్యెను, 1983లో వి.ఎస్.టి. ఇండస్ట్రీస్ అను పేరు వహించెను. ఎండలో ఆరిన నాటాకుతో చేసిన చార్మినారు సిగరెట్టు దానికి ప్రఖ్యాతి తెచ్చెను.

సిగరెట్ల కర్మాగారములలో ఆకును రకములవారీగా ఏర్పరచి, తేమ పట్టించి మెత్తపరచి, ఈనె తీసి, తగుపాళ్లలో కలిపి, సన్నగా తరిగి, యంత్రములచే కాగితమున చుట్టుదురు. మిక్కిలి ఎండిన ఆకు పొడియగును. తడి మిగిలిన ఆకు బూజుపట్టి, ప్రక్కనున్న మంచి ఆకునుగూడ చెరచును. బరువు హెచ్చునని తడియాకు కట్టలుగట్టిన రైతు ధరనే కోల్పోవును.

కావున రైతులు ఆకును చక్కగా ఆరనిచ్చి, ఇసుక దులిపి, అడుగాకును పైయాకును వేరువేరుగా కట్టవలెను.