సండూరు కొండల్లో సముద్రం

సండూరు అంటే మనకు గుర్తొచ్చేది ఇనుప ఖనిజం, లారీలు, ఎర్ర దుమ్ము. కానీ ఆ కొండల్లోని రాళ్ళు చాలావరకు సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పుట్టాయి. ఊళ్ళోని బళ్ళారి కోటగుట్ట వేరు. అది గ్రానైటు, భూమి లోపల మెల్లగా చల్లారిన రాయి.

మరి సండూరు రాయి సముద్రంలో పుట్టిందని ఎట్లా తెలుస్తుంది? నీళ్ళలోకి వచ్చిన లావాకు పైపొర వెంటనే గట్టిపడుతుంది. లోపలి లావా ఆ పొరను చీల్చుకొని ఇంకో ముద్దగా బయటికొస్తుంది. చివరికి దిండ్లు పేర్చినట్టు కనిపిస్తుంది. అందుకే దాన్ని దిండు లావా అనొచ్చు. కన్నడంలో దింబు అన్నా అదే. ఇవి సండూరులో ఉన్నాయి. పక్క జిల్లా చిత్రదుర్గలో మరడిహళ్ళి దగ్గరున్నవాటిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు.

దిండ్లుంటే లావా నెమ్మదిగా కారిందని అర్థం. అదే పేలితే?

గోలీసోడా చూడండి. గోలీ బిగిసి ఉన్నంతసేపు గ్యాసు కదలదు, నొక్కగానే బుస్సుమని పొంగుతుంది. కరిగిన రాతిలోనూ గ్యాసులుంటాయి. పైనున్న సముద్రపు బరువే దానికి గోలీ. ప్రతి 10 మీటర్ల లోతుకు, మన మీదున్న గాలి బరువంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. 4,000 మీటర్ల కింద అది దాదాపు 400 రెట్లు. అంత లోతులో పేలుడు జరగడం కష్టమనుకునేవారు. కానీ ఆర్కిటిక్ సముద్రంలోని గక్కెల్ పర్వతశ్రేణిలో 1999లో వరసగా భూకంపాలొచ్చాయి. 2007లో అక్కడ కెమెరాలు దింపి చూస్తే, అదే లోతున పగిలిన లావా గాజు ముక్కలు పరుచుకొని ఉన్నాయి. పేలుడుకు అవే సాక్ష్యం. లోతు తక్కువైతే గోలీ వదులైనట్టే, పైగా నీళ్ళు ఒక్కసారిగా ఆవిరవుతాయి. 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద 50 కిలోమీటర్లకు పైగా లేచింది.

పాత పేలుళ్ళను ఎవరూ చూడలేదు. కాబట్టి రాయినే అడగాలి. దిండ్లు గుండ్రంగా ఉన్నాయా? ముక్కలు పదునుగా ఉన్నాయా? బుడగల గుంటలెన్ని? కోలారు బంగారు గనుల ప్రాంతంలోని పెద్దపల్లిలో దిండు లావాతోపాటు అగ్నిపర్వతం విసిరిన ముక్కలు కూడా ఉన్నాయి. అదీ స్మారకమే.

ఇనుముకు టన్నుకింత అని ధర ఉంది, దిండు రాయికి లేదు. కానీ ఇనుము కరిగించినా ఇనుమే. ఈ రాయిని కంకర కొట్టేస్తే మాత్రం అందులోని కథను మళ్ళీ ఎవరూ చదవలేరు. ఈసారి సండూరు పోతే ఎర్రమట్టినే కాదు, దాని పక్కనున్న నల్లపచ్చ రాయినీ ఒకసారి ఆగి చూడండి.