ఆర్కిటెక్చర్ చదువు.. ఐదేళ్ల పెట్టుబడి చేతికొచ్చేనా?

కేతేపల్లి: ఇంటర్ ఫలితాలు వెలువడితే చాలు, ఎంపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లలో చర్చ మొదలవుతుంది. ఇంజినీరింగ్ అయితే దాని మంచీచెడూ చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బొమ్మలు చక్కగా గీసే పిల్ల ‘బీఆర్క్ చదువుతాను’ అన్నప్పుడే తండ్రికి దిక్కుతోచదు. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతున్నా, ఆర్కిటెక్టు చేత నక్షా గీయించి ఇల్లు కట్టుకున్న కుటుంబాలు మన పల్లెల్లో అరుదు. మేస్త్రీ ముగ్గు పోస్తాడు, వాస్తు సిద్ధాంతి ద్వారం చెబుతాడు, పని మొదలవుతుంది. ఈ విలేకరి ఇల్లు కూడా అలాగే కట్టింది. మెట్ల కింద నడిచేటప్పుడు నేటికీ తల వంచవలసిందే. అలాంటి చోట ఈ చదువుకు లక్షలు పోయడం తెలివైన పనేనా అన్న సందేహం సహజం. మూసీ ఆయకట్టు కింద ఉన్న ఎకరమో, అరెకరమో అమ్మకానికి పెట్టే ముందు కాగితం, కలం పట్టుకుని కూర్చోవడం మేలు.

ఏమిటీ కోర్సు?

బీఆర్క్ ఐదేళ్ల కోర్సు. ఇంజినీరింగ్ కంటే ఒక ఏడాది ఎక్కువ. ఇంటర్‌లో గణితం తప్పనిసరి కనుక బైపీసీ వారికి అవకాశం లేదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహించే ‘నాటా’ గానీ, జేఈఈ మెయిన్‌లోని రెండో పేపరు గానీ రాయాలి. మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ రెండూ 2008లో ఏర్పడినవే. విజయవాడ సీటు జేఈఈ ద్వారానే దక్కుతుంది. వరంగల్ ఎన్‌ఐటీలో ఈ కోర్సు లేదన్న సంగతి చాలామందికి దరఖాస్తు వేళ గానీ తెలియదు.

ఖర్చు ఎంత?

ఫీజు కళాశాలను బట్టి మారుతుంది. లెక్క సులువు కోసం ప్రైవేటు కళాశాలలో ఏడాదికి లక్ష రూపాయలు అనుకుందాం. ఐదేళ్లకు 5 లక్షలు. హాస్టలు, భోజనం నెలకు 7 వేల చొప్పున ఏడాదికి పది నెలలు వేసుకుంటే మూడున్నర లక్షలు. ఈ కోర్సుకు మామూలు కంప్యూటర్ చాలదు, కాస్త బలమైన ల్యాప్‌టాప్ కావాలి. దానికి 70 వేలు. డ్రాయింగ్ షీట్లు, ప్రింట్లు, మోడళ్లకు అట్టలు, బాల్సా చెక్కలు, అధ్యయన యాత్రలు.. వీటికి ఏడాదికి 25 వేలు. ఇంజినీరింగ్ పిల్లల తల్లిదండ్రులకు ఈ చివరి పద్దు పరిచయమే ఉండదు. మొత్తం కలిపితే 10 లక్షల 45 వేలు.

చేతిలో అంత లేనివారు బ్యాంకు వైపు చూస్తారు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండా విద్యారుణం పొందవచ్చు. కోర్సు ముగిసిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. ఇక్కడే అసలు చిక్కు. ఏటా లక్షన్నర చొప్పున ఐదేళ్లు తీసుకుని, 10 శాతం సాధారణ వడ్డీ అనుకుంటే, మొదటి వాయిదా నాటికి వడ్డీయే 3 లక్షలవుతుంది. అప్పు పదిన్నర లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,900 రూపాయలు, పదిహేనేళ్లు గడువు పెట్టుకుంటే సుమారు 11,300 కట్టాలి. చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోగలిగితే ఈ భారం బాగా తగ్గుతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో వడ్డీ రాయితీ ఉన్నా, అది ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికే.

ఆదాయం మాటేమిటి?

హైదరాబాద్‌లోని చిన్న కార్యాలయాల్లో కొత్తగా చేరినవారికి నెలకు 15 నుంచి 25 వేలు ఇస్తారన్నది సాధారణంగా వినిపించే మాట. 20 వేలు అనుకున్నా, వాయిదా పోగా మిగిలేది ఆరు వేలు. నగరంలో గది అద్దెకే అది చాలదు. అంటే మొదటి మూడు నాలుగేళ్లు ఇంటి నుంచి డబ్బు పంపక తప్పదు. ఈ మాట చేరే ముందే తండ్రీబిడ్డలు మాట్లాడుకోవాలి. అనుభవం పెరిగి, సొంత కార్యాలయం నిలదొక్కుకున్న తర్వాతే ఈ వృత్తిలో చెప్పుకోదగిన రాబడి. అందుకు పరిచయాలు కావాలి, అవి పల్లె పిల్లలకు పుట్టుకతో రావు. పెద్ద పనులు పేరున్న సంస్థలకే వెళ్తాయి. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన మన సచివాలయానికి నమూనా ఇచ్చింది చెన్నైకి చెందిన ఆస్కార్, పొన్ని కన్సెసావ్‌ల సంస్థ.

చట్టం కాపాడేది పేరునే

డాక్టరు పట్టా లేనివారు వైద్యం చేస్తే నేరం. ఆర్కిటెక్చర్ అలా కాదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదైనవారే ‘ఆర్కిటెక్ట్’ అని పేరు పెట్టుకోవాలి. అయితే ఇతరులు నక్షాలు గీయకూడదని ఆ చట్టంలో లేదని సుప్రీంకోర్టు 2020 మార్చి 17న స్పష్టం చేసింది. పట్టా లేనివారిని ‘ఆర్కిటెక్ట్’ అనే హోదా గల ఉద్యోగాల్లో నియమించరాదని కూడా అదే తీర్పులో చెప్పింది. ఫలితంగా ఐదేళ్లు చదివిన యువకుడు సివిల్ ఇంజినీరుతోనూ, పట్టణంలోని ప్లాను గీసే కేంద్రంతోనూ పోటీ పడాలి. ప్రభుత్వ కొలువుల్లోనూ అంతే. 2022లో వెలువడిన పట్టణ ప్రణాళిక విభాగం బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు బీఆర్క్ వారితోపాటు సివిల్ డిప్లొమా వారూ అర్హులే.

అంత మాత్రాన ఈ చదువు వద్దని కాదు. ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే ఖర్చు లెక్క చాలా మారిపోతుంది, అప్పు భయం తగ్గుతుంది. గీత మీద నిజమైన మక్కువ ఉన్న పిల్లలకు ఈ కోర్సు ఇచ్చే తృప్తి వేరు. ఇంజినీరింగ్ సీటు రాలేదని మాత్రం ఇటు రావడం పొరపాటే. డబ్బు తక్కువగా ఉన్నవారికి పాలిసెట్ రాసి మూడేళ్ల సివిల్ లేదా ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా చేయడం మరో దారి. గణితంతో కూడిన డిప్లొమా ఉన్నవారు తర్వాత బీఆర్క్‌కూ వెళ్లవచ్చు.

చేరదలచినవారు ముందుగా ఆ కళాశాలకు కౌన్సిల్ ఆమోదం ఆ ఏడాదికి ఉందో లేదో, ఎన్ని సీట్లకు ఉందో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఆమోదం లేని చోట చదివితే పట్టా వచ్చినా పేరు నమోదు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత మేరకు వర్తిస్తుందో, మిగతా సొమ్ము ఎప్పుడు కట్టాలో కళాశాల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలకు తహసీల్దారు కార్యాలయంలో కౌన్సెలింగ్‌కు ముందే దరఖాస్తు చేసుకుంటే చివరి రోజుల్లో పరుగులు తప్పుతాయి.