పేరు కాదు... మెడ చూడండి!

‘కాలేజీలో బ్యాండ్ పెట్టుకున్నాం నాన్నా. బేస్ గిటార్ కావాలి. సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి చవగ్గా వస్తోంది’ అని ఇంట్లో పిల్లలు అడిగితే ఏం చేస్తారు? డబ్బులిచ్చేస్తారు, లేదంటే వద్దంటారు. మూడో పని కూడా ఒకటుంది. వాళ్లతోపాటు వెళ్లి ఆ గిటార్‌ని పరీక్షగా చూసి రావడం! అందుకు సంగీతం రానక్కర్లేదు. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఇళయరాజా పాటని మంచి స్పీకర్లలో వినండి. గాయకుల గొంతు వెనకాల మంద్రంగా మరో బాణీ నడుస్తూ ఉంటుంది. అదే బేస్ గిటార్. మామూలు గిటార్‌కి ఆరు తీగలైతే దీనికి సాధారణంగా నాలుగే. స్వరం ఒక స్థాయి కిందికి ఉంటుంది. ఒకప్పుడు ఈ పనికి మనిషంత ఎత్తుండే డబుల్ బేస్‌ని మోసుకెళ్లేవారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ‘ప్రెసిషన్ బేస్’ని తెచ్చాక ఆ మోత తప్పింది. 1960లో అదే కంపెనీ నుంచి ‘జాజ్ బేస్’ వచ్చింది. ఇప్పుడు బజారులో కనిపించే బేస్ గిటార్లలో చాలావాటికి ఈ రెండింటి రూపమే. అందుకే నకిలీలూ వీటికే ఎక్కువ.

యాభై ఏళ్ల తర్వాత దొరికింది!

పాత గిటార్‌కి గుర్తులెంత ముఖ్యమో చెప్పడానికి బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ కథ ఒక్కటి చాలు. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఆయన వయొలిన్ ఆకారంలో ఉన్న హాఫ్నర్ బేస్‌ని కొన్నారు. ధర 30 పౌండ్ల దాకా. బీటిల్స్ తొలి రికార్డుల్లో వినిపించింది అదే. 1972 అక్టోబరులో లండన్‌లో ఓ వ్యాన్‌లోంచి దొంగతనానికి గురైంది. 2018లో ఓ హాఫ్నర్ నిపుణుడు వెతుకులాట మొదలుపెట్టారు. చివరికి ఇంగ్లండ్‌లో ఓ ఇంటి అటకమీద దొరికింది. అది అసలుదేనని హాఫ్నర్ నిర్ధారించింది. గిటార్ యజమానికి చేరిందన్న సంగతి 2024 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది.

వయొలిన్ ఆకారం ఉన్నంత మాత్రాన అది మెకార్ట్‌నీది అయిపోదుగా! ఆ 1961 గిటార్‌లో తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు రెండూ మెడ దగ్గరే పక్కపక్కన ఉంటాయి. ఆయన తర్వాత వాడిన 1963 నాటి గిటార్‌లో వాటి మధ్య ఎడం ఎక్కువ. పైగా ఇది ఎడమచేతి వాటం వాళ్లది. నిపుణులు చూసేది ఇలాంటివే. మనం చూడాల్సిందీ ఇలాంటివే.

అసలా? నకలా?

గిటార్ తలమీద ఉన్న పేరుని నమ్మొద్దు. అది స్టిక్కర్‌లాంటిదే, ఎవరైనా అంటించొచ్చు. సీరియల్ నంబరు చూడండి. ఫెండర్ కంపెనీ 1976 నుంచి ఈ నంబరుని తలమీదే వేయడం మొదలుపెట్టింది. అమెరికాలో తయారైనవాటిలో నంబరు ముందు ‘ఎస్’ ఉంటే 1970ల నాటిది, ‘ఈ’ అయితే 80లు, ‘ఎన్’ అయితే 90లు, ‘జడ్’ అయితే 2000 తర్వాతిది. ‘ఎంఎన్’, ‘ఎంజడ్’ అని ఉంటే మెక్సికోలో తయారైంది. అక్షరానికీ తయారీ సంవత్సరానికీ ఒకటి రెండేళ్ల తేడా రావడం మామూలే. కానీ అమ్మేవాళ్లు ‘1978 నాటి అమెరికా సరుకు’ అంటుంటే నంబరు ‘ఎంజడ్’తో మొదలైందనుకోండి... నమస్కారం పెట్టి వచ్చేయొచ్చు.

నంబరునీ మార్చొచ్చు కాబట్టి లోపల కూడా చూడాలి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే తెలిసిన మెకానిక్‌తో విప్పించండి. మెడ అడుగున చాలా గిటార్లకు తేదీ ముద్ర ఉంటుంది. వాల్యూమ్ నాబ్ కింది విడిభాగం మీదా అంకెలుంటాయి. ఉదాహరణకి 1376612 అని ఉంటే, 137 ఆ భాగాన్ని చేసిన సీటీఎస్ కంపెనీ గుర్తు, 66 సంవత్సరం, 12 ఆ ఏడాదిలో వారం. అంటే ఆ భాగం 1966లో పన్నెండో వారంలో తయారైంది. ఆ భాగం మొదటినుంచీ ఉన్నదే అయితే గిటార్ అంతకన్నా పాతదయ్యే అవకాశం లేదు.

మెడ ఒకదానిది, ఒళ్లు ఇంకోదానిదిగా ఉన్న ‘అతుకుల బొంత’లూ వస్తుంటాయి. వాయించుకోవడానికి అవి పనికిరావని కాదు. అసలుదాని ధర మాత్రం ఇవ్వకూడదు. అలాగే ‘స్క్వైర్’ అన్న పేరు చూసి నకిలీ అనుకోవద్దు. అది ఫెండర్ వారిదే, తక్కువ ధర రకం. దొంగ ఫెండర్ కన్నా నిజమైన స్క్వైర్ వెయ్యిరెట్లు నయం.

చివరిగా, పాత బిల్లు ఉందేమో అడగండి. మెకార్ట్‌నీ గిటార్ కూడా దొంగ చేతిలోంచి మరొకరి చేతికి వెళ్లిందే!

వాయించి చూడాల్సిందే

నకిలీ కాదని తేలినంత మాత్రాన మంచిదని కాదు. బేస్ తీగలు నాలుగూ కలిసి మెడని సుమారు 70-80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుని తట్టుకునేందుకు మెడలోపల ‘ట్రస్ రాడ్’ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. లావుపాటి తీగని మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టండి. మధ్యలో తీగకీ మెట్టుకీ విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మెడ బాగున్నట్టే. సందు ఎక్కువగా ఉంటే కడ్డీని బిగించి సరిచేయొచ్చు. కానీ కడ్డీ మర తిరగకపోయినా, మెడ మెలితిరిగి ఉన్నా ఆ గిటార్ వద్దు. రిపేరు ఖర్చు గిటార్ ధరని మించిపోవచ్చు.

తర్వాత ప్రతి తీగనీ ప్రతి మెట్టుమీదా మీటించండి. గరగరలాడుతోందా? స్వరం చప్పున చచ్చిపోతోందా? ఆంప్లిఫయర్‌కి తగిలించి నాబ్‌లు తిప్పండి. చిటపటలు వస్తే చాలావరకు దుమ్మే, క్లీనర్ స్ప్రేతో పోతుంది. పైన గీతలు, పెచ్చులూడిన రంగు పెద్ద లోపాలు కావు. వాటిని చూపించి బేరమాడుకోవచ్చు కూడా!

ఇంటికొచ్చాక...

వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తీగలు తుడవాలి. చెమటే వాటికి తుప్పు. మోటౌన్ రికార్డులకు వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదని చెబుతారు. ఆ మందమైన నాదం ఆయనకిష్టం. మనవాళ్లకి అక్కర్లేదు, నాదం మొద్దుబారితే మార్చేయొచ్చు.

మెట్లున్న పలక రోజ్‌వుడ్‌ది అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు గిటార్ల కోసం అమ్మే నూనె రెండు చుక్కలు రాస్తే చాలు. కొబ్బరినూనె వద్దు. పాలిష్ ఉన్న మేపుల్ పలకకైతే ఏ నూనే అక్కర్లేదు.

చెక్కకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే హాయి. కోస్తాలో వానాకాలం అంతకు మించుతుంది, తెలంగాణ ఎండల్లో బాగా తగ్గుతుంది. కాబట్టి గోడకి ఆనించి వదిలేయకుండా పెట్టెలో ఉంచండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలొద్దు. రుతువు మారినప్పుడు మెడని మళ్లీ చూసుకోవాలి. కడ్డీని తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టుకి మించొద్దు. బ్యాటరీ ఉన్న రకమైతే వాయించడం అయ్యాక వైరు తీసేయండి. లేదంటే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

కొన్నరోజే సీరియల్ నంబరు, లోపలి అంకెలు, ఒంటిమీది గీతలు అన్నీ ఫొటోలు తీసి బిల్లుతోపాటు దాచండి. గిటార్ పోతే పోలీసులకు చూపించడానికీ, రేపు మీరే అమ్మాల్సి వస్తే కొనేవాళ్లకు చూపించడానికీ అవే ఆధారం.